పంతులమ్మ అల్లిన స్వెట్టర్లు

మా పక్కింటి పంతులమ్మ మొన్న ఆదివారం ప్రార్థనకు బయలుదేరబోతూ కూర్చున్నచోటే ఒరిగి ప్రాణం విడిచారు. చిక్కపేటలోని మా బట్టల కొట్టుకు ఎవరో వచ్చి ఆ మాట చెప్పారు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, ఇక ఆమెకు ఎదురుపడనక్కరలేదన్న ఊరట. మీతో దాచి ఏం లాభం?

ఆమె క్రైస్తవురాలు. భర్త ఎప్పుడో పోయాడు. సాయంత్రాలు తన అరుగు మీద మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పేవారు. తప్పు రాసిన పలకను తన కొంగుతోనే తుడిచి, మళ్ళీ రాద్దాం రా అనేవారు. మా అమ్మాయీ అక్కడే చదివింది. పంతులమ్మ ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి, ఎడారిలో ఇటలీవాళ్ళతో జరిగిన పోరులో చనిపోయాడు.

కొన్నాళ్ళకు ఆ యుద్ధంలో పట్టుబడిన ఇటలీ ఖైదీలను మన ఊరి శిబిరాలకు తెచ్చారు. ఆ చలికాలం ఆమె నన్నడిగి ఉన్ని దారం తీసుకున్నారు. మన సిపాయిల కోసమనుకొని సంతోషంగా ఇచ్చాను. ఆ స్వెట్టర్లు ఖైదీలకు వెళుతున్నాయని తెలిశాక, కొట్టు మెట్ల మీదే నలుగురి ముందు నిలదీశాను. కొడుకును చంపినవాళ్ళకు స్వెట్టరు అల్లే తల్లి ఎక్కడైనా ఉంటుందా అన్నాను.

ఆమె చేతిలోని ఉన్ని ఉండను సంచిలో వేసుకొని నా వైపు తిరిగారు.

"నాకూ మొదట్లో చెయ్యాడలేదప్పా. రెండు తూర్లు అల్లింది విప్పేస్తిని. ఆ పిల్లోళ్ళకూ అమ్మలుండారు, వాళ్ళు ఇంత దూరం రాలేరు కదా. మా ఏసయ్య సులువైన పని ఒక్కటీ చెప్పలేదు."

నేను వినలేదు. మరునాడే మా అమ్మాయిని మాన్పించాను. ఆమె శత్రువుల మనిషని వీధంతా చెప్పాను. నెల తిరిగేసరికి అరుగు ఖాళీ అయింది. ఆమె మాత్రం ఎదురుపడినప్పుడల్లా ఒకటే మాట.

"పాపకు భాగహారంలో ఇంకా తడబాటు ఉండాది. కొంచెం చూసుకోప్పా."

అందులో ఎత్తిపొడుపు ఉండి ఉంటే నాకు బాగుండేది.

యుద్ధం ముగిసింది, ఖైదీలు వెళ్ళిపోయారు. పోయిన వానాకాలం ఆమెకు జ్వరమని తెలిసి, క్షమించమని అడుగుదామనే వెళ్ళాను. అది మాత్రం అడగలేదు. వానల గురించి ఏదో చెప్పి లేచాను. మా గడప ఎక్కి వెనక్కి చూస్తే, ఆమె దుప్పటి కప్పుకొని, ద్వారబంధం పట్టుకొని, జల్లుకు తడుస్తూ, నేనింకా ఏదో చెబుతానన్నట్టు నా వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.