మూడు పీటల మీద ఇద్దరం

మేం వీడియో గేమ్ ఎలా ఆడేవాళ్ళమో చెబితే మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. ఒకే రిమోట్‌ను ఇద్దరం పట్టుకుని ఆడేవాళ్ళం. ఎడమ సగం నా స్నేహితురాలి చేతిలో, కుడి సగం నా చేతిలో. బొమ్మ ఎటు నడవాలో అది చూసుకునేది. దూకడం, కొట్టడం నా పని.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి, ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు దిగాం. కింద ఇంటివాళ్ళు, నల్గొండ వైపు వాళ్ళు. వాళ్ళ చిన్నమ్మాయీ నేనూ ఇంటర్‌లో ఒకే క్లాసు. మా బాబాయి తన పాత గేమ్ మాకిచ్చాడు గానీ, రెండో రిమోట్ వైరు ఎలుక కొరికేసింది. ఉన్న ఒక్కదాని కోసం మేం జుట్లు పట్టుకునేంత పని చేస్తుంటే, పిండి చేతులతో వాళ్ళమ్మ పైకొచ్చింది.

"ఏందే గీ లొల్లి? బియ్యం మూట లేపాలంటే చెరో దిక్కు పట్టుకుంటరా లేదా? గట్లనే పట్టుకోండ్రి" అంది. ఆవిడకు ఆ ఆట అంటే ఏమిటో తెలియదు. విసుక్కుంటూ అన్న ఆ మాటే మా ఇంట్లో చట్టమైపోయింది.

మొదట్లో అంతా గందరగోళమే. అది బొమ్మను కుడికి నడిపిస్తే నేను ఎడమకు అనుకుని దూకించేదాన్ని, బొమ్మ నేరుగా గోతిలో పడేది. "కండ్లు ఏడ పెట్టినవే!" అని అది, "ముందు చెప్పి చావొచ్చుగా!" అని నేను. తర్వాత అది "దుంకు!" అని అరవడం, ఆ అరుపు వినగానే నేను మీట నొక్కడం అలవాటైంది. కొన్నాళ్ళకు అరుపు కూడా అక్కర్లేకుండా పోయింది. దాని భుజం నా భుజానికి ఆనుకుని ఉండేది కదా, అది ఊపిరి బిగబడితే నాకు తెలిసిపోయేది. అంత దగ్గరగా మరో మనిషితో నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా సరే, మావారితో కలిసి దుప్పటి మడతపెట్టడం కూడా నాకింతవరకు కుదరలేదు.

ఆటలో చివర ఒక రాక్షస గద్ద ఉంటుంది. కింద మరుగుతున్న నిప్పుల మడుగు, దాని మీద తేలుతూ మూడు రాళ్ళు. ఒక్కోటీ మనం కూర్చునే పీటంత ఉంటుంది. ఏ రాయి మీదైనా రెండు క్షణాలు ఎక్కువ నిలబడ్డామా, అది మునిగిపోతుంది. పైనుంచి గద్ద దూసుకొస్తుంటే ఆ మూడింటి మీదే అటూ ఇటూ గెంతుతూ దాన్ని కొట్టాలి. మా కోచింగ్‌లో లెక్కల సారు కూడా వెనకనుంచి ఇలాగే మీదికి వచ్చి నోటుబుక్కు లాక్కునేవారు కాబట్టి, గద్దకు సారు అని పేరు పెట్టుకున్నాం. రోజూ కోచింగ్ నుంచి వచ్చి టీ తాగి, సారు చేతిలో చచ్చేవాళ్ళం. మూడు వారాలైనా సారు చావలేదు.

అంతలో వాళ్ళక్క పెళ్ళి వచ్చింది. నాలుగు రోజులు ఊరెళ్తున్నారు. వెళ్ళేముందు అది నా చేయి లాక్కుని తన తల మీద పెట్టుకుంది.

"నేనొచ్చేదాక సారును ముట్టనని ఒట్టెయ్. ఇద్దరం కలిసే సంపాలె."

"ముట్టనులేవే, ఒట్టు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. మొదటి రోజు ఎలాగో ఆగాను. రెండో రోజు, ఉత్తినే చేయి తిప్పుకుందాం, అది వచ్చేసరికి నా చేయి మొద్దుబారకూడదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని మొదలుపెట్టాను. నా ఎడమ చేతికి ఏమీ రాదు. బొమ్మను వరసగా నిప్పుల్లోకి నడిపించాను. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పట్టుదల పెరిగింది. మూడో రోజు మధ్యాహ్నానికి గద్ద రెక్కలు రాలాయి. అయిపోయిందనుకున్నాను. అప్పుడు అది ముక్కుతో రాళ్ళనే పగలగొట్టడం మొదలుపెట్టింది. ముందు ఎడమది, తర్వాత మధ్యది. ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. సాయంత్రానికి గెలిచాను.

గెలిచాక ఏమవుతుందో చూశాను. చూసి, "చూశావటే!" అంటూ పక్కకు తిరిగాను. పక్కన దిండు ఉంది.

అప్పుడు పట్టుకుంది భయం. ఎక్కడిదాకా ఆడామో దాచుకోవడానికి ఆ ఆటలో ఒక్క చోటే ఉండేది. అది రాగానే తెరిస్తే గెలిచినట్టు కనబడిపోతుంది. అందుకని మొత్తం చెరిపేశాను. అది పసుపు పూసిన కాళ్ళతో, చేతిలో పెళ్ళి లడ్డూలతో మెట్లెక్కి వస్తే, కరెంటు పోయి అంతా పోయిందని చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"పోతే పోనీ తియ్. మళ్ల మొదటికెళ్లి ఆడుదాం. మంచిగనే అయింది, ఇంకొన్ని దినాలు ఆడొచ్చు" అంది. నా నోట్లో లడ్డూ పెట్టింది. అయినా నేను నిజం చెప్పలేదు.

రెండు నెలలు పట్టింది మళ్ళీ గద్ద దాకా రావడానికి. ఆ రోజు ఇద్దరి చేతులూ ఒకే మనిషివిలా ఆడాయి. రెక్కలు రాలాయి. అది "సచ్చిండే సారు!" అని కేక పెట్టింది. అదే క్షణంలో, గద్ద ఇంకా ముక్కు ఎత్తకముందే, నేను మీట నొక్కేశాను. బొమ్మ ఎడమ రాయి మీంచి ఎగిరింది. తర్వాతే ఆ రాయి పగిలింది.

అది తెర వైపు చూడటం మానేసి నా వైపు చూసింది.

"నీకెట్ల ఎరుక?"

"ఊరికే... అలా అనిపించింది."

"ఒట్టేసినవ్ గదనే."

అది తన సగాన్ని మెల్లగా నా ఒళ్ళో పెట్టింది. "కరెంటు గూడ పోలే గదా?" అంది. నేను తల దించుకున్నాను. తెర మీద బొమ్మ రాయితో పాటు మునిగిపోయింది. అది లేచి మెట్లు దిగి వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండేది, ఏదో ఒక రోజు రాజీ పడేవాళ్ళం. అది కరివేపాకు కోసం వచ్చేది, డాబా మీద బట్టలు తీసేటప్పుడు పలకరించేది. టీవీ ముందు మాత్రం కూర్చోలేదు. పరీక్షలయ్యాక మేం ఎల్బీ నగర్ మారిపోయాం. మధ్యలో నాలుగైదు స్టాపుల దూరం. ఎన్నిసార్లు వెళ్ళాలనుకున్నానో, ప్రతిసారీ ఏ మొహం పెట్టుకుని అనుకుని ఆగిపోయాను. ఇప్పుడు మా ఇంట్లో నాలుగు రిమోట్లు ఉన్నాయి, పిల్లలు తలా ఒకటి పట్టుకుని ఆడుతుంటారు. చూసినప్పుడల్లా నాకు దాని భుజం కావాలనిపిస్తుంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అంటారా, అనండి.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌లో కనబడింది. ముందు తనే గుర్తుపట్టింది. గబగబా పిల్లల సంగతులు, అమ్మల మోకాళ్ళ నొప్పులు అన్నీ చెప్పుకున్నాం. దాని రైలు వస్తున్నట్టు వినిపించగానే ఉన్నట్టుండి అడిగింది.

"ఏమే, గా ఆటల ఆఖరుకు ఏమైతదే? నేను సూడనే లేదు."

ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. గద్ద పడిపోతుంది, బొమ్మ అవతలి గట్టున కూర్చుని అలుపు తీర్చుకుంటుంది, అంతే. కానీ చెప్పేస్తే దానికిక మా ఇంటికి రావాల్సిన పనేముంటుంది?

"చెప్పను. ఇంటికి రా, చూపిస్తా. ఇద్దరం ఆడదాం."

అది నవ్వింది. నా చెంప తట్టింది. తలుపులు తెరుచుకున్నాయి.

"గప్పుడు నాలుగు దినాలు ఆగరాకపాయె గదనే నీకు" అంటూ ఎక్కేసింది.

నవ్వుతూనే అంది. అద్దం అవతల దాని కళ్ళు మాత్రం నవ్వలేదు. క్షమించవే అన్న మాట నా నోట్లోంచి వచ్చేసరికి రైలు మలక్‌పేట వైపు కదిలిపోయింది.