బర్కత్ భాయ్ చెప్పిందే గాలి

బర్కత్ భాయ్ గాలి ఎటునుంచి వస్తోందో తేల్చుకోనిదే ఎక్కడా నిలబడడు, కూర్చోడు, ముద్ద నోట్లో పెట్టుకోడు. మహేశ్వరం రోడ్డులో ఉన్న మా కోల్డ్ స్టోరేజీకి సేఫ్టీ ఇన్‌చార్జి ఆయన. మిర్చీ, మామిడి గుజ్జూ చల్లగా ఉండాలంటే పైపుల్లో అమోనియా తిరగాలి. అది లీకైతే గాలి వచ్చే వైపుకి పరిగెత్తాలి. గాలి పోయే వైపుకి పరిగెత్తినవాడి పని అంతే. ఈ సూత్రం మాకు డ్యూటీ వరకే, ఆయనకు బతుకంతా.

మిద్దె మీద విండ్ సాక్ అని ఒక బట్ట గొట్టం ఎగరేశాడు. గాలి ఎటు పోతే అదీ అటే ఊగుతుంది. అది చినిగినప్పుడల్లా ఇంట్లోంచి ఒక పైజామా కాలు వచ్చేది. "రెండో కాలు ఏంజేస్తవ్ భాయ్?" అంటే, "వచ్చే వానకాలానికి అక్కరకొస్తది" అనేవాడు.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచాక ఆయనకు పట్టపగ్గాలు లేవు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి కదా. మిషన్ రూమ్‌లో ఉన్న నన్ను బయటికి లాక్కొచ్చి, "చూడు మధూ, పడమర మొఖాన దిగుతున్నది. గంత పెద్ద విమానం నాకు గాలి జెప్పనీకె వచ్చింది" అని మురిసిపోయేవాడు.

జల్‌పల్లిలో ఆయన మేనల్లుడు సొహైల్ పెళ్లికి వెళ్లాం. పొయ్యి పొగ మా వైపు వస్తోందని, పెళ్లికొడుకుతో సహా భోజనాల వరుసనంతా లేపి గోడ అవతల కూర్చోబెట్టాడు. అక్కడ పొగ లేదు, బిర్యానీ కూడా రాలేదు.

కొండమ్మ జోలికి వచ్చేదాకా ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. మా తూర్పు గేటు పక్కన ఆమె టీ బండి. ఆ టీల మీదే కూతురు సరిత ఇంటర్ చదువు నడుస్తోంది. పడమటి గాలి మొదలవగానే ఈయన వెళ్లి, "అక్కా, లీకయితే సీదా నీ మీదకే వస్తది. బండి పడమటి మూలకు జరుపు" అన్నాడు.

"ఆ మూలకు కుక్కలు గూడ రావు. నా గిరాకి ఏంగావాలె?"

"పానం ఉంటెనే గిరాకి."

తనే బండి తోసుకెళ్లి ఆ మూల పెట్టాడు. కొండమ్మ తిట్లు గాలిలో కొట్టుకొచ్చి మిషన్ రూమ్ దాకా స్పష్టంగా వినబడ్డాయి. "ఇన్నవా? గాలి పడమరనే" అన్నాడు నాతో.

ఆ వారం నుంచే డ్రిల్లులు మొదలయ్యాయి. సైరన్ మోగితే అందరం పడమటి మూలకి పరిగెత్తాలి. ఆర్నెల్లకోసారి జరిగేది కాస్తా వారానికి రెండు మూడుసార్లయింది. పేర్లు పిలిచి అందరూ వచ్చారో లేదో చూసేవాడు. ఎంత నిదానమంటే, "బుచ్చయ్య" అన్నాక బుచ్చయ్య పలికి, టీ తాగి, గ్లాసు కడిగిచ్చాక గానీ రెండో పేరు వచ్చేది కాదు. పిచ్చి ముదిరిందని తీర్మానించాం.

మేనేజర్ మల్లేశ్వర్ గారికి ఒళ్లు మండింది. "గాలి గాలి అంటావు కదా బర్కత్, గాలి ఉన్న రోజే డ్రిల్లు పెట్టు. లేని రోజు సైరన్ మోగిందో, ఊరుకోను" అన్నారు.

ఆ మాట విన్నట్టే గాలి ఆగిపోయింది. పైజామా కాలు రోజుల తరబడి వేలాడింది. డ్రిల్లు లేదు, గిరాకీ లేదు, కొండమ్మ పాలు విరిగిపోతున్నాయి. ఒక మధ్యాహ్నం నేనూ బర్కత్ భాయ్ వెళ్లేసరికి ఆమె స్టవ్ మూటగడుతోంది.

"ఇగ నడవదు సాబ్. రేపటి సంది కాటేదాన్‌ల కంపెనీకి పోత. సరితను గూడ తీస్కపోత. ఇద్దరం జేస్తెనే ఎల్లుతది."

బర్కత్ భాయ్ మిద్దె మీదకి చూశాడు. ఆకాశం చూశాడు, ఒక్క విమానం లేదు. చిటికెడు దుమ్ము తీసి వదిలితే ఆయన చెప్పు మీదే పడింది. గాలి విషయంలో ఆయన అబద్ధమాడగా నేనెన్నడూ వినలేదు.

"పడమర గాలి" అని గొణిగి, వెళ్లి సైరన్ నొక్కాడు.

అప్పుడు వెలిగింది నాకు. గేటు దగ్గర్నుంచి బండిని లాగేసిన మనిషి, ఇన్నాళ్లూ గిరాకీని బండి దగ్గరికి తోలుతున్నాడు. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

అందరం పరిగెత్తుకొచ్చాం. మా వెనకే మల్లేశ్వర్ గారు. "గాలేదయ్యా? ఆకు కూడా కదలడం లేదు."

"ఉన్నది సార్. మీరు ఏసీల ఉంటరు, మీకు తెలుస్తలేదు."

నేను జేబురుమాలు తీసి చేత్తో ఊపుతూ, "మస్తుగున్నది సార్" అన్నాను. బుచ్చయ్య తన టోపీ ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. బస్తాలు కుట్టే సత్తెమ్మ నిలబడలేనట్టు పక్కామె మీద వాలిపోయింది. మల్లేశ్వర్ గారు మమ్మల్నందరినీ చూశారు. మూట విప్పి హడావిడిగా స్టవ్ వెలిగిస్తున్న కొండమ్మనూ చూశారు. తర్వాత ఆ మండుటెండలో చొక్కా కాలరు పైకి లేపుకుని, "అవును, చలిగాలే. నాకూ ఒక టీ ఇవ్వమ్మా" అన్నారు.

స్టవ్ మంట మాత్రం నిటారుగా నిలబడి ఉంది. బర్కత్ భాయ్ గబగబా దానికి రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు.

"రేపు గూడ ఉంటదా సాబ్, గాలి?" అంది కొండమ్మ మెల్లగా.

"సరిత ఇంటర్ అయ్యేదాక ఉంటది" అన్నాడాయన.