అత్తరు పూసుకున్న జ్వరం

నా చిన్నప్పుడు మా వాడలో కోడి కంటే ముందు నల్ల కూసేది. నీళ్లు వచ్చే ముందు ఆ ఇనుప గొట్టంలో గాలి బుసకొట్టేది, ఆ చప్పుడుకే తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకునేవి. బోధన్‌లో చక్కెర మిల్లు పనికి పోయేవాళ్ల కోసం ఎవరో సేటు వరుసగా గదులు కట్టి కిరాయికిచ్చాడు. వాటిని లైన్లు అనేవాళ్లం. గదికొక కుటుంబం, అందరికీ కలిపి ఒకే నల్ల. నీళ్లు కాసేపే వస్తాయి కాబట్టి అందరం బిందెలతో ఒకరి మీద ఒకరం పడేవాళ్లం. తిట్లు, నవ్వులు, పెండ్లి సంబంధాలు, మిల్లు ముచ్చట్లు అన్నీ అక్కడే. నిజం చెప్పాలంటే నాకు బడిలో కంటే ఆ నల్ల దగ్గరే ఎక్కువ చదువు వచ్చింది.

లైన్ల వెనక ఖాళీ జాగా ఉండేది. చెరుకు నరికే రోజులు రాగానే మహారాష్ట్ర నుంచి కూలీలు ఎడ్లబండ్ల మీద వచ్చి అక్కడ గుడిసెలు వేసుకునేవారు. చెరుకాకు కప్పిన ఆ గుడిసెలు ఎంత దగ్గరగా ఉండేవంటే, ఒక గుడిసెలో పిల్ల తుమ్మితే పక్క గుడిసెలోంచి ముసలమ్మ దీవించేది. వాటి ముందు మా గదులు బంగళాలే. ఆ గుడిసెల్లో ఒకామెను నేను తాయీ అని పిలిచేదాన్ని, అంటే మరాఠీలో అక్క. ఆమె మాటలు నాకు సగమే అర్థమయ్యేవి, నా మాటలు ఆమెకు అంతకంటే తక్కువ. అయినా మాకు ముచ్చట ఎప్పుడూ తెగేది కాదు. ఆ ఏడు ఆమె నిండు చూలాలిగా వచ్చి, చెరుకు ఇంకా సగం చేన్లలో ఉండగానే ఆ గుడిసెలో ఆడపిల్లను కన్నది. మా అవ్వ రోజూ గిన్నెడు జావ కాచి నా చేతికిచ్చి పంపేది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. జావ ఇచ్చాక తాయీ "యే బాళ, బస్" అని నన్ను కూర్చోబెట్టి, పసిదాన్ని నా ఒళ్లో పెట్టేది. ఆ కాసేపు నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకునేదాన్ని.

ఆ చలికాలంలోనే దగ్గుజ్వరం వచ్చింది. ముందు చివరి గదిలో ఒకరు పడ్డారు. చూస్తుండగానే లైనంతా మూలుగులే. నాకు వచ్చింది, తగ్గింది. ఆ తర్వాత మా బాపు పడ్డాడు. నాకు జ్వరం ఉన్నన్నాళ్లు అవ్వ నన్ను తాయీ దగ్గరికి పోనివ్వలేదు, జావ గిన్నె గుడిసె ముందు పెట్టి దూరం నుంచే కేకేసి వచ్చేది. కొన్ని ఇళ్లలో ఇంటిల్లిపాదీ మంచాన పడి, పొయ్యి వెలిగించేవాళ్లు కూడా లేరు. మా పక్కగది ముసలమ్మ, రోజూ నాకు గుప్పెడు పుట్నాలు పెట్టే మనిషి, ఆ జ్వరంతోనే పోయింది. ఆమెను తీసుకుపోయిన రోజు నుంచి వాడలో భయం పోయి కోపం మొదలైంది.

మా ఎదురుగదిలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. చుట్టం కాకపోయినా పెద్దబాపు అని పిలిచేవాళ్లం. గుణం మంచిదే, గొంతే పెద్దది. ఆ సాయంత్రం మగవాళ్లను పోగుచేసి, "జరం గా గుడిసెలోళ్లే తెచ్చిండ్రు. సందుల సూది దూరదు, గంతమంది ఒక్క జాగల! ఆడ పుట్టక యాడ పుడ్తది?" అన్నాడు. అందరూ తలలూపారు. ఎల్లుండి వారపు అంగడి, అది దాటగానే గుడిసెలు పీకించి వాళ్లను కాలువ అవతలి బీడులోకి పంపాలని తీర్మానమైంది. మా అవ్వ గడపలో నుంచే, "పచ్చి బాలింత ఉన్నది. గీ సలిల, బయలుల, గా పసిపిల్ల బతుకుతదా?" అని అడిగింది. పెద్దబాపు నేల చూశాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. చలిగాలి వీచినప్పుడల్లా ఆ పిల్ల కాళ్లే కళ్ల ముందు కనిపించాయి.

మరునాడు మా మేనత్త దిగింది. బాపుకు స్వయానా అక్క, రుద్రూర్ దగ్గర పల్లెలో వాళ్లకు పసుపు, వరి సేద్యం. తమ్ముడికి జ్వరమని తెలిసి, నెయ్యి డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమెకు ఇద్దరు బిడ్డలు, ఒక మొగుడు, ఒక పిచ్చి. ఆ పిచ్చి అత్తరు. చెవి మడతలో ఎప్పుడూ అత్తరులో ముంచిన దూది ఉండాల్సిందే. బొడ్లో చిన్న సీసా. ఆమె వస్తున్నదని మాకు సందు మలుపులోనే తెలిసేది. మా అవ్వ ఆమెను "నవాబు బేగం" అని ఆటపట్టించేది, ఆమె దానికి ఇంకొంచెం మెడ ఎత్తేది.

అవ్వ సంగతంతా చెప్పింది. అత్త విని, వెనక గోడ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చి, "గుడిసెల కాడ దగ్గు వినొస్తలేదేందే?" అన్నది. వాళ్లు దాచిపెడుతున్నారని అందరూ అంటున్నారని అవ్వ చెప్పింది. "పైసలు దాస్తరు, బంగారం దాస్తరు. దగ్గును ఎట్ల దాస్తరే?" అని అత్త నవ్వింది. అలా నవ్విందంటే ఆమె ఏదో చేయబోతున్నదని అర్థం.

అంగడి రోజు పొద్దున, నల్ల కూయక ముందే, నన్ను లేపి కూర్చోబెట్టింది. సీసా మూత తీసి నా రెండు అరచేతుల్లో ధారాళంగా పోసింది. ఆ సీసాలోంచి ఒక్క బొట్టు రాలితే ఇల్లంతా తిట్టే మనిషి. "ఇయ్యాల నువ్వే జరానివి బిడ్డా. రోజూ ఎట్ల తిరుగుతవో గట్లనే తిరుగు. ఎక్కువ తిరుగకు, తక్కువ తిరుగకు. ఎవ్వలకూ చెప్పకు" అన్నది. జ్వరాన్ని అయినందుకు అంత సంబరపడిన పిల్ల లోకంలో నేనొక్కదాన్నేనేమో.

రోజూలాగే నల్ల దగ్గరికి ఉరికాను. నల్ల తిప్పాను, నాకు అడ్డం వచ్చిన బిందెలు జరిపాను, ఎవరి బిందెనో ఎవరి నెత్తికో ఎత్తాను. ఒకామె తన పిల్లాడిని నా చంకకెక్కించింది. తర్వాత తోటిపిల్లలతో అష్టాచెమ్మ ఆడాను, గవ్వలన్నీ నా చేతిలో నానాయి. వాసన ఎక్కడిదని అడిగినవాళ్లకు మా అత్త వచ్చిందని చెబితే చాలు, మరో ప్రశ్న లేదు. పొద్దెక్కాక జావ తీసుకుని తాయీ దగ్గరికి పోయాను. గుడిసెలన్నీ ఖాళీ. పక్క గుడిసె ముసలమ్మ ఒక్కతే ఎండకు కూర్చుని ఉంది. తాయీ నా చేతులు వాసన చూసి, "అత్తర్!" అని పకపకా నవ్వి, నా అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. రేపు ఈ గుడిసె ఉండదని ఆమెకు చెప్పడానికి నాకు మరాఠీ రాదు. వచ్చినా చెప్పగలిగేదాన్ని కాదు.

సాయంత్రం మగవాళ్లు పని దిగి వచ్చిన కాసేపటికి పెద్దబాపు ఇంట్లో కేకలు లేచాయి. ఆయన మొఖం తుడుచుకున్న దస్తీ ఆయన భార్య పెద్దవ్వ చేతిలో ఉంది. "గీ వయసుల అత్తరు కావల్సొచ్చిందా నీకు? ఎవ్వలింటికి పోయొస్తున్నవ్?" అని ఆమె, "నీ తోడు, నాకేం ఎరుకలేదే!" అని ఆయన. అంత పెద్ద గొంతు ఆ రోజు పిల్లిపిల్ల గొంతయింది. వాడంతా చూడ్డానికి పోగయింది. ఇలాంటి వేడుకకు జ్వరమున్నవాళ్లు కూడా దుప్పటి కప్పుకుని గడపలోకి వచ్చారు.

అప్పుడు మా అత్త మెల్లగా నడిచి మధ్యలోకి పోయింది. "పెద్దాయనను ఇడిసిపెట్టక్కా. నీ చెయ్యి నువ్వొకసారి వాసన సూసుకో" అన్నది. పెద్దవ్వ చూసుకుంది. పక్కామె చూసుకుంది. ఒకరు బిందె మూతి, ఒకరు తలుపు గొళ్లెం, ఒకరు పిల్లాడి నెత్తి. గుప్పుమని కాకపోయినా దాదాపు అన్ని ఇళ్లలోనూ అత్తరు ఉంది. "పొద్దుగాల మా పొల్ల చేతుల పోసిన. గిది అత్తరు గాబట్టి ఎరుకైంది. జరానికి వాసనుండదు" అన్నది అత్త.

అంతటితో ఊరుకోలేదు. పెద్దబాపును, ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని గుడిసెలకు పోయింది. నేనూ కొంగు పట్టుకుని వెళ్లాను. ఆ సందుల్లో పెద్దబాపు పొట్ట పట్టక పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. గుడిసె గుడిసె దగ్గరా ఆగి వాసన చూశారు. పొగ, ఎడ్ల పేడ, జొన్నరొట్టె. అత్తరు మాత్రం తాయీ గుడిసెలో ఉంది, పసిదాన్ని ఎత్తుకున్న పక్క గుడిసె ముసలమ్మ చేతిలో ఉంది. అంతే.

"గింత ఇరుకుల గిట్లెట్ల?" అన్నాడు పెద్దబాపు. ఈసారి నిజంగానే అడిగాడు.

"ఇరుకుల పండుకుంటరు గని, తెల్లారకముందే ఎవ్వల బండి వాళ్లు కట్టుకొని ఎవ్వల చేనుకు వాళ్లు పోతరు. ఆలుమగలు ఇద్దరే ఒక దిక్కు నరుకుతరు. నీళ్లు కాల్వ కాడ, ఎవ్వలకు వీలైనప్పుడు వాళ్లు. మనకు గోడలున్నయి, తలుపులున్నయి. ఉండి ఏం ఫాయిదా? తెల్లారితే అందరం ఒక్క నల్ల కాడ మొఖంల మొఖం పెడ్తం. ఎంతమందిమి ఉన్నమన్నదే సూస్తే ఎట్ల? యాడ కలుస్తున్నమో గది గూడ సూడాలె గద" అన్నది అత్త.

గుడిసెలు పీకే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్దబాపు తాయీ గుడిసె ముందు కాసేపు నిలబడి, చేతిలో ఏమీ లేక, తన భుజం మీది గొంగడి తీసి లోపలికి అందించాడు. తాయీకి అది ఎందుకిచ్చాడో తెలియదు. నవ్వి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

ఇక నల్ల సంగతి. నిజాంసాగర్ కాలువ నీళ్లకు పొలాల దగ్గర వంతులుంటాయి, ఆ వంతుల కోసం కొట్లాడి గెలిచిన మనిషి మా అత్త. "గంత పొలానికి వంతు కుదిరింది, గింత బిందెకు కుదరదా?" అన్నది. గదికి గదిని జత కట్టింది. ఒక రోజు ఒకరు రెండు ఇళ్లకూ నీళ్లు పట్టాలి, మరునాడు రెండోవాళ్లు. పిలిచేదాకా ఎవరి గడపలో వాళ్లు నిలబడాలి. పిలిచే పని పెద్దబాపుది. ఆ గొంతుకు చివరికి ఒక నౌకరీ దొరికింది.

జ్వరం ఆ మరునాడే మాయమైందని చెబితే అబద్ధం. ఇంకా కొందరు పడ్డారు. కానీ అందరూ ఒక్కసారి పడలేదు. ఒక గది పడితే దాని జత గది లేచి ఉండేది, జావ కాచి గడపలో పెట్టేది. ఆ తర్వాత మా లైన్లలో ఎవరూ పోలేదు. చెరుకు అయిపోయాక తాయీ బండెక్కింది. గొంగడిలోంచి ఆ పిల్ల బుగ్గలు ఉబ్బిన మొఖం మాత్రమే కనిపించింది. బండి మలుపు తిరిగేదాకా నేను వెంట ఉరికాను.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో, అలాంటిదే ఒక ఇరుకు గల్లీలో ఉంటున్నాను. కరోనా వచ్చినప్పుడు నా మనవడు ఫోనులో ఏదో చదివి, "బాపమ్మా, రెండు పట్నాలు ఒక్క తీరుగనే కిక్కిరిసి ఉన్నయట. ఒక్కదాంట్లనే గంతమందికి ఎందుకొచ్చింది?" అని అడిగాడు. దానికి డాక్టర్లు చెప్పాల్సినవి చాలా ఉంటాయి. నేను మాత్రం వాడికి అత్తరు కథ చెప్పాను. ఆ రెండు పట్నాల్లో జనం ఎక్కడెక్కడ ఒక్కచోట గుమిగూడాల్సి వస్తుందో, పని మానుకుని ఇంట్లో ఉండగలిగేవాళ్లు ఎందరో, పడిపోయినవాళ్ల గడపలో జావ పెట్టేవాళ్లు ఉన్నారో లేదో చూడమన్నాను. వాడు ఊరుకుంటాడా, మరునాడే గల్లీలో ఇంటికి ఇంటిని జత కట్టాడు. కూరగాయల బండి వస్తే సగంమందే బయటికి. మేనత్త రక్తం ఎక్కడికి పోతుంది!

చివరికి ఆ జబ్బు నాకూ వచ్చింది. మాకు జతగా ఉన్న ఇంటి కోడలు రోజూ గడపలో జావ పెట్టి, తలుపు కొట్టి దూరం జరిగేది. జ్వరం తగ్గింది గానీ ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. మా అత్త పోయేముందు ఆ సీసా నాకిచ్చింది, అత్తరు అయిపోయినప్పుడల్లా నింపించుకుంటాను. రోజూ పొద్దున మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని, ఏమీ లేదు. ఒకనాడు దూది ముంచి చెవిలో పెట్టుకోబోతుంటే సన్నగా తగిలింది. తాయీ చెంప గుర్తొచ్చి, ముసలిదాన్ని ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

ఇప్పటికీ ఎవరైనా ఒక వాడ వైపు వేలు చూపి, "గాళ్లు గట్ల ఉంటరు, గందుకే రోగాలు" అంటే, నేను వెంటనే తలూపను. ముందు నా చెయ్యి వాసన చూసుకుంటాను.