థీమ్ పార్కు కాగితానికి కట్టిన ఎర్ర ట్యాగు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను వాదించేవాణ్ణి కాదు, లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఒక పెద్ద ఇంజినీరింగ్ కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూశాను. ఏ మోటారు ఆగినా దానికి కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఈ నమ్మకం నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే కింది సంగతి కాగితం మీద పెట్టడానికి ఇన్ని నెలలు పట్టింది.

మాది గుడివాడ దగ్గర పల్లె. ఉద్యోగం కోసం హైదరాబాద్ వైపు వచ్చి, రిటైరయ్యాక ఊరి శివారున పటేల్‌గూడలోనే ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. లేచిన వేళ, చేసిన పని, కలిసిన మనిషి, వాన పడితే వాన. ఇక్కడ చెప్పే వేళలు ఆ డైరీలోవే.

పోయిన వేసవిలో మా అమ్మాయి సునీత, అల్లుడు ప్రసాద్, మనవరాలు హాసిని విశాఖపట్నం నుంచి వచ్చారు. హాసినికి పదకొండేళ్లు. నాలుగు రోజులు హైదరాబాద్ చూపించాలి. ఆ ప్లాను నాకు అప్పగించారు. రోజుకో కాగితం చొప్పున రాసి, పైన చిల్లు పొడిచి, హాల్లో క్యాలెండరు పక్కన వరసగా నాలుగు మేకులకు తగిలించాను. కర్మాగారంలో, మేం షాపు అనే మా వర్క్‌షాపులో, షిఫ్టు పనులు అలాగే తగిలించేవాళ్లం.

గోల్కొండ, చార్మినార్, మ్యూజియం మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా థీమ్ పార్కు మీదే.

"ఈ ఎండలో పిల్లని ఆ ఇనప చట్రాల మీద ఎక్కిస్తారా?" అంది మా ఆవిడ కమల.

"ఏడాది నుంచి అడుగుతోందమ్మా. దాని క్లాసులో పార్కు చూడనిది ఇదొక్కతే," అంది సునీత.

హాసిని నా కుర్చీ చేతి మీద ఎక్కి కూర్చుంది. "తాతయ్యా, మనుషుల్ని టవరు మీదికి తీసుకెళ్లి ఒక్కసారిగా వదిలేసేది ఒకటి ఉందట. నాకు అదొక్కటి చాలు. మిగతావన్నీ నువ్వు ఎక్కు."

అందరం నవ్వాం. మూడో రోజు కాగితం మీద థీమ్ పార్కు అని రాశాను. రాసేటప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు నడక నుంచి తిరిగొచ్చాను. మూడో కాగితానికి ఎర్ర ట్యాగు వేలాడుతోంది.

ట్యాగంటే ఏమిటో చెప్పాలి. మా పనిలో ఎవరైనా యంత్రం మీదికి ఎక్కేముందు దాని మెయిన్ స్విచ్ ఆపేసి, ఆ స్విచ్చుకి తన గుర్తున్న ఎర్ర అట్టముక్కను తీగతో కడతారు. మనిషి పని మీద ఉన్నాడు, పవర్ ఇవ్వకండి అని దాని అర్థం. కట్టినవాడే దాన్ని విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ముట్టుకోకూడదు. కట్టినవాడు కనిపించకపోతే అతని ఇంటికైనా వెళ్లి, క్షేమంగా ఉన్నాడని చూసుకుని, అతని చేత సరే అనిపించుకున్నాకే తీయాలి.

దగ్గరికి వెళ్లి చూశాను. ట్యాగు మీద సున్నా చుట్టిన 'మ' ఉంది. రాగి తీగకు మూడు మెలికలు. మూడూ ఎడమవైపుకు తిప్పినవి. ఆ గుర్తు, ఆ మెలిక నాకు తెలుసు. అవి మల్లేశానివి. అతనిది ఎడమచేతివాటం.

కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను.

మల్లేశం హత్నూర మనిషి, మా షాపులో ఫిట్టరు. పాతికేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, షాపు కప్పు కింద పట్టాల మీద నడిచే ఓవర్‌హెడ్ క్రేను బాగుచేయడానికి ట్యాగు కట్టి పైకెక్కాడు. షిఫ్టు అయిపోయింది. స్టాండులో అతని సైకిలు లేదు. ఇంటికి పోతూ ట్యాగు మరిచిపోయాడనుకున్నాను. కింది నుంచి ఒక్క కేక వేశాను, జవాబు రాలేదు. క్రేను కావాలని పై అధికారుల నుంచి ఒకటే తొందర. నిచ్చెనెక్కి చూడలేదు. తీగ విప్పే ఓపిక కూడా లేక ట్యాగును లాగేశాను. చిల్లు దగ్గర అట్ట చిరిగి చేతికొచ్చింది. స్విచ్ వేశాను.

సైకిలు ఆ రోజు అతని బామ్మర్ది తీసుకెళ్లాడట. మల్లేశం పైనే ఉన్నాడు. ఎడమచేతి నాలుగు వేళ్లు పోయాయి.

విచారణలో మల్లేశం నా వైపు చూడకుండా అన్నాడు: "నా ట్యాగు నేనే తీసిన సారూ. యాదిమరిచి మళ్ల ఎక్కిన. తప్పు నాదే." నేను నోరు మెదపలేదు. తప్పు అతని మీదే రాశారు. ఆ రాత్రి డైరీలో నేనూ అదే రాశాను. నా డైరీలన్నిటిలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. చిరిగిన ట్యాగును షాపు వెనక చెత్త కాల్చే డ్రమ్ములో వేసి, బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. రెండేళ్ల కిందట మల్లేశం జబ్బుచేసి పోయాడు. నేను చూడటానికి వెళ్లలేదు.

మా కాగితానికి వేలాడుతున్నది ఆ ట్యాగే. అంచున అదే నూనె మరక, 'మ' పక్కన పెన్ను జారిన అదే గీత. ఒక్కటే తేడా. చిల్లు దగ్గర చిరుగు లేదు.

ఇంట్లో అందరినీ మామూలుగా అడిగాను. ఎవరూ కట్టలేదు. అసలు మల్లేశం సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. షాపులో ఒకతనికి చెయ్యి పోయిందని కమల వినడం తప్ప. తీగ జాగ్రత్తగా విప్పి, ట్యాగును బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకైనా మంచిదని కాగితాలు కూడా మార్చాను. మ్యూజియం మూడో మేకుకి, పార్కు నాలుగో మేకుకి.

మర్నాడు ఉదయం ట్యాగు నాలుగో మేకు దగ్గర ఉంది. పార్కు కాగితానికే. మూడు మెలికలు, ఎడమకు. బీరువా తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి నా జేబులోనే ఉంది, లోపల ఏమీ లేదు.

నేను అలా చూస్తుండగానే హాసిని పళ్లు తోముకుంటూ వచ్చింది. "ఈ ఎర్ర బొమ్మేంటి తాతయ్యా?" అంటూ చెయ్యి చాపింది.

"ముట్టుకోకు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్ల చేతిలోని బ్రష్షు జారిపోయింది. నేను దాన్ని ఎప్పుడూ గద్దించి ఎరగను. ఏడుపు విని సునీత వంటింట్లోంచి వచ్చింది.

పార్కు మానేద్దాం అన్నాను. ఎందుకంటే చెప్పలేను.

"చెప్పకపోతే ఎలా నాన్నా? నీ ఫ్యాక్టరీ రూల్సు మా మీద చెల్లవు. నువ్వు రాకపోతే మానెయ్. మేం పిల్లని తీసుకుని వెళ్తాం."

చెప్పకపోతే పిల్ల ఆ టవరు ఎక్కుతుంది. చెబితే పాతికేళ్లుగా నా కూతురు ఎరిగిన తండ్రి ఇక ఉండడు. టిఫిన్ బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్రమాదం నాటి డైరీ తెచ్చి అబద్ధం రాసిన పేజీ చూపించాను.

సునీత ఆ పేజీ రెండుసార్లు చదివింది. కమల పళ్లెం పక్కకు జరిపేసింది. ప్రసాద్ విశాఖలో ఒక కర్మాగారంలోనే పనిచేస్తాడు. లేచి వెళ్లి ట్యాగును ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు.

"మామయ్యా, ఇది ఎవరు కట్టారో నాకు తెలియదు. కానీ ట్యాగుండగా పవర్ ఇవ్వకూడదు. అంతవరకు మీ మాటే నా మాట."

"కట్టినవాడు పోయాడు కదా ప్రసాదూ. ఇంకెవరు విప్పుతారు?"

"ఇంటికెళ్లి అడగాలి కదండీ రూలు ప్రకారం. ఆ రోజు మీరు వెళ్లలేదు."

మ్యూజియం అనుకున్న రోజున ఇంటికి తాళం వేసి అందరం కారులో బయల్దేరాం. ఇస్నాపూర్, సంగారెడ్డి మీదుగా హత్నూర. దారిలో హాసిని, "పార్కు కాన్సిలా?" అని అడిగింది. సునీత దాని చేతిలో నీళ్ల సీసా పెట్టింది.

మల్లేశం భార్య లక్ష్మమ్మ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి పేరు అడగలేదు. కుర్చీ వేయించింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను.

"గదా సారూ? గది నాకెర్కనే," అంది మిరపకాయలు సర్దుతూనే. "దవాఖాన్లనే జెప్పిండు."

"మరి నన్ను ఎందుకు నిలదీయలేదమ్మా?"

"నిలదీస్తే తెగిన ఏళ్లు మొలుస్తయా? సారుకు బడికి పోయే బిడ్డ ఉన్నది, కొలువు పోతే ఎట్ల అన్నడు. గని ఒక్కటి మాత్రం ఎప్పటికీ అనుకుంటుండె. సారు ఇంటిదాంక వస్తడనుకున్న, రాకపాయె అని."

బడికి పోయే ఆ బిడ్డ నా వెనకే నిలబడి ఉంది. సునీత ముఖం తిప్పుకోవడం చూశాను.

ట్యాగు గురించి ఆమెను ఎలా అడగాలో నాకు తెలియలేదు. చచ్చిపోయిన మనిషి అనుమతి అతని భార్యను అడగడం పిచ్చిపనిలా తోచింది. నేను అడగకముందే ఆమె చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టి అంది:

"పానం పోయే నెల ముంగట జరమొచ్చి ఏందేందో మాట్లాడిండు. సారు వస్తడు, వస్తే జెర చాయ్ పొయ్యి, ఇగ పవర్ ఇచ్చుకోమను అన్నడు. పవరేందో నాకు తెల్వది సారూ. మీకేమన్న సమజైతదా?"

అర్థమైందమ్మా అని, చాయ్ పూర్తిగా తాగాను. టైము పదకొండు నలభై. కారులోకి వచ్చాక రాసుకున్నాను.

రెండూ పదికి ఇల్లు చేరాం. తాళం నేనే తీశాను. నాలుగో మేకుకి పార్కు కాగితం అలాగే ఉంది, చిల్లు చెక్కుచెదరలేదు. ట్యాగు లేదు. సరిగ్గా దాని కింద నేల మీద రాగి తీగ పడి ఉంది. తిన్నగా ఉంది. ప్రసాద్ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"మూడు మెలికలు తిప్పిన తీగ చేత్తో ఇంత తిన్నగా రాదు మామయ్యా," అన్నాడు. ఆ తర్వాత ఆ తీగ ఊసెత్తలేదు.

ట్యాగును ఇల్లంతా వెతికాం. దొరకలేదు. కట్టినవాడే విప్పాడు కాబట్టి రూలు ప్రకారం ఇక పవర్ ఇవ్వవచ్చు. నాలుగో రోజు పార్కుకు వెళ్లాలని ఆ సాయంత్రం నిర్ణయించింది నేనే. ధైర్యం వచ్చి కాదు. వెళ్లకపోతే అతని మాట రెండోసారి కాదన్నట్టవుతుందని.

ఆ టవరు దగ్గర హాసిని సీట్లో కూర్చుని నాకు చెయ్యి ఊపింది. నేను దాన్ని చూడలేకపోయాను. మెషిన్ నడిపే అబ్బాయి ముందున్న ప్యానెల్ దగ్గర నిలబడి స్విచ్చులే చూస్తున్నాను.

"ఏంది తాతా, అందరు మీదికి సూస్తరు, నువ్వు నా డబ్బ సూస్తున్నవ్? కొనుక్కపోతవా?"

"పైన ఎవరూ లేరు కదా నాయనా? మెయింటెనెన్స్ వాళ్లు?"

"ఎవ్వల్లేరు. పొద్దుగాల్నే దిగిన్రు."

"నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?"

అతను నవ్వడం ఆపి నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, లేచి టవరు చుట్టూ ఒకసారి తిరిగి, మెడ ఎత్తి పైదాకా చూసి వచ్చాడు. "సూసిన తాతా. ఎవ్వల్లేరు," అని అప్పుడు మీట నొక్కాడు.

అది పైకి వెళ్లి కిందికి రావడానికి ఎంతసేపు పట్టిందో నా డైరీలో లేదు. హాసిని దిగి, నా నడుము పట్టుకుని, "ఇంకోసారి," అంది.

ఆ పార్కులో ఆ రోజుగానీ, ముందు రోజుగానీ ఏమీ జరగలేదు. తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నాను. కాబట్టి ట్యాగు పిల్లను కాపాడిందని చెప్పలేను. నిద్రలో నేనే ఆ పని చేసి ఉంటానా అని కూడా ఆలోచించాను. నాది కుడిచేతివాటం. ఎడమచేత్తో అలాంటి తీగ మెలితిప్పడానికి నాలుగు రోజులు ప్రయత్నించాను, రాలేదు. పోనీ వచ్చిందే అనుకుందాం, నా చేతులతో కాల్చిన అట్టముక్క ఎక్కడి నుంచి తెచ్చాను? దాని చిరుగు ఎవరు అతికారు? మల్లేశం రెండేళ్ల ముందే లక్ష్మమ్మతో ఆ మాట ఎందుకు అన్నాడు?

సునీత ఇప్పుడు ఫోన్లో మునుపటిలాగే మాట్లాడుతుంది. కానీ మధ్యలో ఒక్కోసారి ఆగుతుంది. ఆ ఆగడం నాకు తెలుస్తుంది.

పాత డైరీలో అబద్ధం రాసిన పేజీ కింద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. తీగ ఆ పేజీలోనే ఉంది. దసరాకు మళ్లీ వస్తామని, ప్లాను సిద్ధం చేయమని హాసిని నిన్న ఫోన్ చేసింది. కాగితం, పెన్ను తీసుకుని హాల్లో కూర్చున్నాను. ముందు లేచి వెళ్లి నాలుగు మేకులూ ఖాళీగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చేత్తో తడిమి చూశాను. పట్టపగలు, ఇంట్లో కమల ఉంది, పక్కింట్లో టీవీ మోగుతోంది. అయినా నాలుగో మేకు దగ్గర, అది ఖాళీగా కనిపిస్తున్నా, నా చెయ్యి ఆగిపోయింది. ఆ పాతికేళ్ల కిందటి మధ్యాహ్నం ఆగాల్సిన చెయ్యి అది. ఇన్నాళ్లకు దాన్ని ఎవరు, ఎలా, ఎందుకు ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు.