ల్యాబు గోడ మీది తలపాగా ఆయన

నాకు అనుమానం ఎక్కువ. మొప్ప ఎత్తి చూడనిదే చేప కొనను. పెట్రోలు బంకులో బండి దిగి, మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూశాకే ట్యాంకు మూత తీస్తాను. రాజమండ్రిలో మా వీధికొచ్చే కూరగాయలావిడ నన్ను చూడగానే తక్కెడ నా చేతికిచ్చేస్తుంది, "మీరే తూచుకోండమ్మా, నాకీ గొడవెందుకు" అని. "పెళ్లిచూపుల్లో నేనెలా పాసయ్యానో ఇప్పటికీ తెలీదు" అంటారు మావారు. పాసైనట్టు నేనెప్పుడూ చెప్పలేదు.

ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక భౌతిక శాస్త్రవేత్త దగ్గర్నుంచి వచ్చింది. ఆయన్ని నేను చూడలేదు. నేను బళ్లో చేరేసరికే ఆయన పోయారు. కొవ్వూరు దగ్గర మా హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు ఆయన కథని సొంత అన్నగారి కథలా చెప్పేవారు. పగలంతా సర్కారు ఉద్యోగం, సాయంత్రమైతే ప్రయోగశాల. ఒకసారి ఓడలో పోతూ సముద్రం నీలంగా ఎందుకుందని ఆలోచనలో పడ్డారట. ఆ నీలం ఆకాశపు నీడేనని అంతకుముందే ఒక మహానుభావుడు తేల్చేశాడు, లోకమంతా తలూపింది. ఈయనొక్కడూ ఊపలేదు. చేతిలో ఉన్న చిన్న పరికరంతో నీళ్లలోకి చూసి, కాదు, ఆ రంగు నీళ్లదేనన్నారు.

మొగల్తూరు మా అమ్మమ్మగారి ఊరు. ఆ వేసవి సెలవుల్లో అక్కడి సముద్రాన్ని సీసాలో పట్టి ఎండకేసి చూశాను. నీలం లేదు సరిగదా, అడుగున మన్ను పేరుకుంది. బడి తెరిచాక భయపడుతూనే మాస్టారికి ఆ సంగతి చెప్పాను. "కనబడలేదని చెప్పావు చూడు, సైన్సంటే అదే" అన్నారు. ఆ మాటతో ఆయనేం చెప్పినా నాకు వేదమైపోయింది.

ల్యాబులో బీరువా పైన గోడకి ఆ శాస్త్రవేత్త పటం ఉండేది. తలపాగా, నల్లకోటు, ఎటో దూరంగా చూసే కళ్లు. ఏటా సైన్స్ డే నాడు దానికి బంతిపూల దండ వేసి, అందరం కుడిచేయి చాచి "చూడనిదే నమ్మను, తేల్చుకోనిదే ఒప్పుకోను" అని ప్రతిజ్ఞ చేసేవాళ్లం. క్లాసు లీడర్ని నేను. పటం కింద నిలబడి, పిల్లలకేసి తిరిగి, ఒక్కో మాటా గొంతు చించుకుని చెప్పించేదాన్ని. ఈ రోజుకీ బజారులో ఎవరైనా "నమ్మండి మేడం" అంటే నాకా ప్రతిజ్ఞే నోటికొస్తుంది.

ఈమధ్య పాత విద్యార్థులందరం వాట్సాప్ గ్రూపులో కలిసి, బళ్లో ఆయన విగ్రహం పెడదామనుకున్నాం. ఆవిష్కరణ మాస్టారి చేతుల మీదుగా. ల్యాబులో పటాన్ని ఫొటో తీయించి, కోనసీమలో విగ్రహాలు చేసే ఒక షెడ్డుకి పంపారు. మట్టి నమూనా తయారైందని కబురు రాగానే, చూసి ఓకే చెప్పే పని నాకు అంటగట్టారు. ఎక్కడ మోసమున్నా నా కళ్లు కప్పలేరని గ్రూపంతా గట్టి నమ్మకం.

షెడ్డులో అడుగు పెట్టగానే నా అనుమానం నిద్ర లేచింది. ఎటు చూసినా నాయకుల విగ్రహాలే. అందరిదీ ఒకే నడుము, అందరికీ ఒకే పంచె కుచ్చిళ్లు. తలలు మాత్రం మారుస్తారన్నమాట! మా శాస్త్రవేత్తకీ ఏ మండలాధ్యక్షుడి తలో తగిలించి, పైన తలపాగా చుట్టి ఉంటారనిపించింది. అందుకే ముందుగానే ఆయన ఫొటోలు ఫోన్‌లో దించుకుని వెళ్లాను. మట్టి ముఖం పక్కన ఫోను పెట్టి చూశాను. ముక్కు తేడా. చెవులు మరీ తేడా. ఫోన్‌లో ఉన్నాయనవి పెద్ద చెవులు. మట్టి మనిషివి తలపాగా కింద బితుకుబితుకుమంటున్నాయి.

"ఇది ఎవరి అచ్చండీ?" అన్నాను శిల్పితో.

"అచ్చేంటండీ? ఇంకా మట్టి మీదే ఉంది కదండీ."

"ఆయన చెవులు ఇలా ఉండవు. నాకు చెప్పకండి."

శిల్పి చేతులు తుడుచుకుని, గోడకి అంటించిన ఫొటో ఊడదీసి నాకిచ్చాడు. "మీ స్కూలు వాళ్లు పంపిందేనండి. ఇందులో ఎలా ఉంటే అలా చేశానండి."

ఫొటోలో చెవులు అచ్చం మట్టి చెవులే. ముక్కూ అదే. తేడా అంతా ఫోన్‌లో ఉన్నాయనతోనే. ఫోన్‌లో ఇంకో ఫొటో తెరిచాను, ఇంకోటి తెరిచాను. మా ల్యాబు గోడ మీది మనిషి వాటిలో ఒక్కదానిలోనూ లేడు.

"ముఖం మార్చాలంటే ఇప్పుడే చెప్పండి మేడం గారూ. ఆదివారం అచ్చు తీసేస్తామండి. తర్వాత నా చేతుల్లో ఉండదు" అన్నాడతను.

రేపు చెబుతానని రావులపాలెం వచ్చి కొవ్వూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నానన్న మాటేగాని మనసు మనసులో లేదు. పటమే అబద్ధమైతే, దాని కింద చెప్పిన కథ మాటేంటి? సముద్రం సంగతి ఫోన్‌లో వెతికాను. అది నిజమే. అయినా స్థిమితం చిక్కలేదు. మాస్టారికి తెలీదా? తెలిసీ మమ్మల్ని మోసం చేశారా? చేసి ఉంటే విగ్రహం ముసుగు తీసేది ఆ చేతులేనా? ఏడుపొచ్చింది. నా బతుకులో అనుమానించకుండా నమ్మిన మనిషి ఆయనొక్కరే.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని భూతద్దంతో పేపరు చదువుతున్నారు. వాళ్లావిడ పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. నేను చెప్పులైనా విప్పకుండా ఫొటో, ఫోను రెండూ ఆయన ఒళ్లో పెట్టాను.

"ల్యాబులో పటం ఆయనది కాదండి మాస్టారూ."

ఆయన భూతద్దం వాడనే లేదు. "కాదమ్మా" అన్నారు.

"మీకు తెలుసా అండీ?"

"కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రాజమండ్రిలో పటాలు కట్టే కొట్లో శాస్త్రవేత్త గారి పటం కావాలని అడిగానమ్మా. తలపాగా చూసి అతనిచ్చాడు, తలపాగా చూసి నేను తెచ్చుకున్నాను. మీ సైన్సు పుస్తకంలో ఆయన బొమ్మ చూశాక తెలిసింది."

"మరి ఈయనెవరండీ?"

"ఎవరి తాతగారో. పటం కట్టమనిచ్చి మళ్లీ రాలేదేమో."

ఎవరి తాతగారికో ఏటా దండలు వేశాం. నవ్వు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. "తెలిశాక తీసెయ్యలేదేంటండీ?"

"తీసేద్దామనే అనుకున్నానమ్మా. ఇంతలో సైన్స్ డే వచ్చింది. చూడనిదే నమ్మనని మీరంతా ఒకటే అరుపులు. చేతిలో పుస్తకంలో ఒక ముఖం, గోడ మీద ఇంకో ముఖం. ఎవరో ఒకరు అడుగుతారని ఉంచాను. మళ్లీ ఏడాదీ ఉంచాను. నువ్వు అడుగుతావనుకున్నాను."

పటానికి వీపు పెట్టి నిలబడేదాన్నండి అని సమర్థించుకోబోయి ఊరుకున్నాను.

"ఇప్పుడెలా దొరికింది?"

"చెవులండి. శిల్పి వేరే ఎవరి తలో తగిలించాడేమోనని అనుమానం వచ్చి..."

"శిల్పి మీద."

"అవునండి."

"నా మీద రాలేదు."

తల కొట్టేసినట్టయింది. చేపలావిడ, కూరగాయలావిడ, బంకు కుర్రాడు, శిల్పి. నా అనుమానమంతా వీళ్ల మీదేగా. ఓడలో వెళ్లినాయన అనుమానించింది తనకంటే పెద్దవాణ్ణి. నేనేమో పెద్దవాళ్లు కనబడగానే చేతులు కట్టుకున్నాను. సిగ్గేసింది, ఆ సిగ్గులోంచే మొండితనం పుట్టుకొచ్చింది.

"మాస్టారూ, ఇప్పుడు మీరు చెప్పింది మాత్రం నేనెలా నమ్మాలండి? మీక్కూడా ఇవాళే తెలిసి, ఇప్పటికిప్పుడు అల్లి చెబుతున్నారేమో."

అన్నాక నాలుక కరుచుకున్నాను. మాస్టారు మాత్రం కుర్చీలోంచి లేచారు. ముఖం వెలిగిపోతోంది. పెరటి గుమ్మం దాకా కర్ర కూడా లేకుండా నడిచి, "ఇదిగో, మన లీడరమ్మాయి వచ్చింది. అడిగేసింది!" అని కేకేశారు.

పెరట్లోంచి వాళ్లావిడ గొంతు వినబడింది. "ఆ పటం గురించేనా? హమ్మయ్య, ఇన్నాళ్లకా!"