మూడో మెట్టు మీద పిలుస్తారనుకున్నాను

నెదర్లాండ్స్‌లో ఒక విశ్వవిద్యాలయంతో బేరమాడిన మనిషిని నేను. జీతంతో సహా పరిశోధన సీటు ఇస్తామని వాళ్లు రాస్తే, ఆ జీతానికి రాలేనని తిప్పి రాసిన దాన్ని. మా బ్యాచ్‌లో అలాంటి సీటు మొదట వచ్చింది నాకే. దాన్ని కాలదన్నిందీ నేనే. ఆ రెండో రికార్డు ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు.

తప్పు పట్టే ముందు మా కొట్టు సంగతి వినండి. గోదావరి జిల్లాలో మా నాన్నది బట్టల కొట్టు. అటూ ఇటూ పెదనాన్నల కొట్లు. కొట్టుకీ వీధికీ మధ్య మూడు మెట్లు. ధర విని, చెప్పులు వేసుకుని, కొనేవాళ్లు మొదటి మెట్టు దిగుతారు. నాన్న కదలడు. రెండో మెట్టు దిగుతారు. చీర మడత పెడుతున్నట్టు నటిస్తాడు. మూడో మెట్టు మీద కాలు పడగానే, "రండమ్మా, మీ మాటే కానీండి" అంటాడు. పిలుస్తాడని దిగేవాళ్లకు తెలుసు, తిరిగొస్తారని ఆయనకు తెలుసు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అది చూసి, లోకమంతా ఆ మూడు మెట్ల మీదే నడుస్తుందనుకున్నాను.

అందుకే వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యి సీటు వచ్చినప్పుడు, బ్రిటన్‌లో ఇంకొకరు ఎక్కువ ఇస్తున్నారని ఒక అబద్ధం జోడించి, పెంచకపోతే రానని రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. జీతాల పట్టీ అందరికీ ఒకటేనట. నా నిర్ణయాన్ని గౌరవిస్తున్నారట. బ్రిటన్‌లో అంతా బాగుండాలని కోరుకుంటున్నారట. వారం రోజులు పిలుపు కోసం చూశాను. ఎనిమిదో రోజు పిలిచారు. నన్ను కాదు, జాబితాలో నా కింద ఉన్న మనిషిని. ఆమె నా హాస్టల్ రూమ్మేటు.

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని ఏడుస్తూ నా మంచం మీద కూర్చుంది.

"నువ్వెందుకు వద్దన్నావే?"

"నీకు అవసరం ఎక్కువ కదే. అందుకే వదిలేశా" అన్నాను. అంత గొప్ప మాట అంతకుముందు నా నోట రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆమె అటు వెళ్లింది. పెళ్లయ్యాక నేనూ బ్రిటన్ చేరాను, కనీసం ఆ ముక్క నిజమైంది. లండన్ శివారు హౌన్స్‌లోలో అద్దె ఇల్లు, హీత్రో విమానాశ్రయం పక్కన సరుకుల ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం. పూల పెట్టెలు నెదర్లాండ్స్ నుంచే వస్తాయి. వాటి కాగితాలు నా చేతిలోకి వస్తాయి, పూలు రావు.

ఫోన్ చేసినప్పుడల్లా ఆమె తన యూనివర్సిటీ కబుర్లు చెప్పేది. ఒకాయన కాలవగట్టు మట్టిలో మైకు పాతి వానపాముల చప్పుడు వింటాడట. ఒకావిడ ఇంటింటికీ వెళ్లి, పాడైన ఇస్త్రీపెట్టెను పారేయకుండా ఎందుకు దాచుకున్నారని అడుగుతుందట. ఇంకొకాయన, మాట్లాడే యంత్రంతో ముసలివాళ్లు ఏం కబుర్లాడతారో రాసుకుంటాడట. నేను ప్రతిసారీ ఒకటే అడిగేదాన్ని, "దీనికి జీతమిస్తారా?" అని. వెటకారం అనుకుని ఆమె నవ్వేది. కడుపుమంటకు వేరే మూత దొరక్క ఆ ప్రశ్న వాడేదాన్ని.

మా ఇంటికి వచ్చినప్పుడల్లా అక్కడి పాకం బిస్కెట్ల డబ్బా తెచ్చేది. అసలు కథ తెలిసినవాడు మా ఆయన ఒక్కడే. "నీ త్యాగం ఈసారి రెండు డబ్బాలు తెచ్చిందే" అనేవాడు, మూత తీస్తూ. తినేది మాత్రం ఆయనే.

మొన్న వసంతంలో ఆమె ఒక పుస్తకం పని మీద వచ్చింది. మా వీధిలో చాలామంది ఇంటి ముందు తోట పీకేసి, రాళ్లు పరిచి, కార్లు పెట్టుకున్నారు. మా ఇంటి ఓనరూ అంతే. రాళ్ల సందుల్లో ఏం మొలుస్తుంది, ఫోన్‌లోని మొక్కల యాప్ వాటిని ఏ పేరుతో గుర్తిస్తుంది, మనుషులు వాటిని ఎప్పుడు గమనిస్తారు, ఎప్పుడు పీకేస్తారు, ఇదీ ఆమె పుస్తకం. మా కారు పక్కన సుద్దముక్కతో ఒక మీటరు చదరం గీసింది.

"పదకొండు ఆదివారాలు ఫొటోలు తీసి, యాప్ ఏం చెబితే అది రాసి పంపవే."

"ఏమిస్తావు?"

"ఏమీ ఇవ్వను."

బేరానికి చోటే లేదు. తప్పులు పట్టొచ్చన్న ఆశతో ఒప్పుకున్నాను. రెండో ఆదివారమే దొరికింది. మూడాకుల మొక్కను చూసి యాప్ క్లోవర్ అంది, అది క్లోవర్ కాదు. ఆకు తుంచి నమిలాను. పులుపు. మా కొట్టు వెనక గోడ వారన మొలిచే పులిచింత, హౌన్స్‌లోలో మా కారు టైరు కింద. చాలాసేపు మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను. పక్కింటి ఆంటీ వచ్చి, "కాంటాక్ట్ లెన్స్ పోయిందామ్మా?" అని అడిగింది.

అలా నాలుగు తప్పులు దిద్ది పంపాను. "నువ్వుంటే ఈ యాప్ ఎందుకే" అని ఆమె జవాబు రాసింది. పొగడ్తే. అయినా గుచ్చుకుంది. నా వృక్షశాస్త్రమంతా ఒక మీటరు రాళ్ల మీద ఉంది. మిగతా భూమంతా ఆమె చూస్తోంది.

శరదృతువులో అచ్చుకు వెళ్లబోయే పుస్తకం ప్రతిని పట్టుకుని ఆమె మళ్లీ వచ్చింది. మొదటి పేజీ తీసి నా ముందు పెట్టింది. 'తన చోటును నాకిచ్చిన నా స్నేహితురాలికి' అని ఉంది. మా ఆయన టీ పెట్టే వంకతో వంటింట్లోకి జారుకున్నాడు. రెండుసార్లు చదివాను. ఆ వాక్యంలో ఉన్నావిడ మీద కూడా నాకు అసూయ కలిగింది. నాకంటే ఎంత మంచి మనిషో. అచ్చయితే ఇంక ఎప్పటికీ ఆవిడే ఉంటుంది, నేనుండను.

"ఇది తీసేయవే."

"ఏం, సిగ్గా?"

"నేనివ్వలేదు. జీతానికి బేరమాడాను. వెళ్లిపోతానంటే వెనక్కి పిలుస్తారనుకున్నా. పిలవలేదు."

"వాళ్లతో బేరమా?"

"ఊఁ."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "తొమ్మిదేళ్లుగా మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తోందే" అంది.

"మానేయమని చెప్పు."

"నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

టీ తాగకుండానే బ్యాగు సర్దుకుని బయల్దేరింది. గుమ్మంలో నిలబడి చూశాను. ఒక్కసారి పిలిస్తే ఆగేదేమో. పిలవడం మా నాన్న విద్య. నాకు దిగడమే వచ్చు.

మర్నాడు వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా విన్నది. చివర్లో, "అయితే ఇన్నాళ్లూ దేవుడికి తప్పుడు కారణం చెప్పానన్నమాట. ఈ ఆదివారం సరిచేసి చెబుతాలే. ప్రార్థన మాత్రం మానను తల్లీ, నీకిప్పుడే అవసరం ఎక్కువ" అంది.

రూమ్మేటు నుంచి మూడు నెలలు ఒక్క మాట లేదు. తర్వాత పోస్టులో పుస్తకం వచ్చింది, ఉత్తరం లేకుండా, బిస్కెట్లు లేకుండా. మొదటి పేజీలో అంకితం వాళ్లమ్మకు. కృతజ్ఞతలన్నీ చివరి పేజీలో ఉన్నాయి. జాబితాలో కింద నుంచి మూడో చోట నా పేరు. పక్కన, హౌన్స్‌లోలో పదకొండు ఆదివారాలు ఒక మీటరు చదరం చూసినందుకు, నాలుగు మొక్కల పేర్లు సరిచేసినందుకు, అని ఉంది.

కొట్టు అలవాటు ఎక్కడికి పోతుంది, బిల్లు సరిచూసుకున్నాను. ఆదివారాలు పదకొండు, నిజమే. మొక్కలు నాలుగు, నిజమే. చోటు ఇచ్చినందుకు ఏమీ లేదు, అదీ నిజమే. కొసరు వేయలేదు, తరుగు తీయలేదు. నాకు రావలసింది అంతే.