పోలింగు మెట్ల మీద రెండు బల్లలు

పోలియో వచ్చిన నా ఎడమకాలికి రాజకీయాల మీద ఆసక్తి లేదు. రాజకీయాలకే దాని మీద ఆసక్తి. డెబ్బైలలో ఎన్నికలొస్తే చాలు, రామచంద్రపురంలో మా నాన్న కిరాణా కొట్టు ముందు ఖద్దరువాళ్ళూ ఎర్రజెండావాళ్ళూ నన్ను మోసుకెళ్ళడానికి పోటీపడేవాళ్ళు. ఎవరి కుర్చీలో వెళ్తే వాళ్ళ ఓటని లెక్క. మొదటిసారి ఖద్దరువాళ్ళు నన్ను బడి మెట్లెక్కించి, తెర దాకా తెచ్చి, "ఎక్కడ గుద్దాలో తెలుసుగా?" అంటూ భుజం మీంచి తొంగిచూశారు. అది నా ఓటో, కుర్చీ ఓటో ఇప్పటికీ అనుమానమే.

రెండోసారి నా అంతట నేనే వెళ్ళి, ఎవరూ చూడకుండా వేయాలనుకున్నాను. కర్ర ఊతంతో నేల మీద నడుస్తాను గానీ ఆ ఎత్తు మెట్లు నావల్ల కాదు. లారీలోకి బస్తాలెక్కించే చెక్క బల్ల ఒకటి వాలిస్తే చాలు. బల్ల మా కొట్లోనూ ఉంది. కానీ ఊరికే వచ్చేదానికి సొంతది వాడితే మా వంశానికి తలవంపులు.

ముందు ఎర్రజెండా లెక్చరరు గారిని అడిగాను.

"బల్ల తాత్కాలికం కామ్రేడ్. వ్యవస్థ మారితే అసలు మెట్లే ఉండవు."

"పోలింగు ఆదివారమేనండి."

ఖద్దరు ప్రెసిడెంటు గారు నొచ్చుకున్నారు. "బల్లేంట్రా అబ్బాయ్! మేం లేమా? నిన్ను మొయ్యడం మాకు పుణ్యం."

"పుణ్యం మీకేనండి, గాల్లో ఊగేది నేనండి."

ఇద్దరూ దిగిరాలేదు. బేరం తెగకపోతే పక్క కొట్టు పేరెత్తాలని మా ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పారు. లెక్చరరు గారితో, "వద్దులెండి, ఖద్దరువాళ్ళు తెస్తున్నారు" అన్నాను. ప్రెసిడెంటు గారితో, "ఎర్రజెండావాళ్ళు తెస్తున్నారండి" అన్నాను.

ఆదివారం బడి మెట్ల మీద రెండు బల్లలు పక్కపక్కనే వాలి ఉన్నాయి. ఎడమకాలూ కర్రా ఒకదాని మీద, కుడికాలు రెండోదాని మీద వేసి ఎక్కడం మొదలుపెట్టాను. నా వెనకే ఒక ముసలమ్మ, "నా మోకాళ్ళ కోసం వేశారా నాయనా, చల్లగా ఉండండి" అంటూ ఎక్కింది.

"చూశారా, గట్టికాలు మా బల్ల మీదే పెట్టాడు!" అన్నారు కింద ప్రెసిడెంటు గారు.

"బరువంతా కర్ర మీదండి. కర్ర మా బల్ల మీదుంది," అన్నారు లెక్చరరు గారు.

ఆ వాదం తెమలక, రెండు పార్టీల వాళ్ళలో ఒక్కరూ నా వెనక లోపలికి రాలేదు. తెర వెనక నేనొక్కణ్ణే. ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊది, తీరిగ్గా మడతపెట్టాను.

"ఎంతసేపండీ?" అన్నాడు ఆఫీసరు.

"ఆయ్, వచ్చేస్తున్నానండి," అన్నాను గానీ, ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.